సొంత రాష్ట్రం ఫీజు

మా అత్తగారు లావోన్ ఆ కవరు పట్టుకొచ్చే సరికి నేను వెనక వరండాలో మా ఆయన ఓవరాల్స్ ఉతుకుతున్నాను. ఆవులు ఈనే రోజులు అప్పుడే అయిపోయాయి. రెండు నెలల రక్తం, మాయ, పేడ, ఇసుక ఆ బట్టకి పట్టేసి ఉంటాయి. మామూలు సబ్బుకి లొంగవు. చన్నీళ్లలో గుప్పెడు ఉప్పేసి నానబెట్టి, గుర్రాల్ని తోమే బ్రష్షుతో రుద్దాలి. రుద్దుతూనే ఉన్నాను.

"ఏదో కాలేజీ నుంచి వచ్చింది. జోసీకేమో అనుకుని చింపాను," అంది ఆవిడ.

జోసీ నా కూతురు. దానికి పదమూడేళ్లు. ఏడో తరగతి పిల్లకి ఏ కాలేజీ వాళ్లు ఉత్తరం రాస్తారు? కవరు మీద జనెల్ హాఫ్‌మన్ అని నా పేరు ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. అయినా అడగలేదు. పదకొండేళ్లుగా నా ఉత్తరాలన్నీ ఆవిడ చేతిలోంచే వస్తున్నాయి. మా రాంచి, అంటే ఆవుల్ని మేపే పొలాలూ ఇల్లూ, ఉన్నది నెబ్రాస్కాలో, ఇసుక దిబ్బల శాండ్ హిల్స్‌లో. ఆవిడ ఉండేది సరిహద్దు దాటాక సౌత్ డకోటాలోని ఓర్లీ ఊళ్లో. మామగారు పోయాక ఆవిడ ఓర్లీలో చిన్న ఇల్లు కొనుక్కుని వెళ్లింది, మేం ఓర్లీలో అద్దె ఇల్లు ఖాళీ చేసి రాంచికి వచ్చాం. మనుషులం చోట్లు మారాం కానీ కాగితాలు మారలేదు. మా ట్రక్కుల నంబర్ ప్లేట్లు, మా డ్రైవింగ్ లైసెన్సులు, మా ఉత్తరాలు అన్నీ ఓర్లీ అడ్రసు మీదే. అక్కడ బండ్ల పన్ను బాగా తక్కువ. "తొమ్మిది మైళ్లే కదా, ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాడు మా ఆయన కర్ట్ అప్పట్లో. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను.

తడి చేతులు జీన్స్‌కి తుడుచుకుని ఉత్తరం విప్పాను. పైన్‌ఫోర్డ్‌లోని స్టేట్ కాలేజీ వాళ్లు నన్ను ప్రీమెడ్‌లో చేర్చుకుంటున్నారు. మెడికల్ కాలేజీ పరీక్షకి ముందు చదవాల్సిన కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ. ఇరవై ఏళ్లప్పుడు నేను మానేసిన చోటు నుంచి మొదలుపెట్టొచ్చు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. కింద ఇంకో వాక్యం ఉంది. మీరు బయటి రాష్ట్రం విద్యార్థి కింద లెక్క, ఫీజు ఏడాదికి పదిహేడు వేల డాలర్లు. సొంత రాష్ట్రం వాళ్లకి ఎనిమిది వేలు.

"ముప్ఫై ఎనిమిదేళ్లు నీకు," అంది లావోన్, నా భుజం మీదుగా తను కూడా చదువుతూ. "డాక్టరయ్యేసరికి ఎన్నేళ్లొస్తాయో లెక్కేశావా?"

"వేశాను. నలభై ఎనిమిది. గడ్డికట్టలు చుట్టే యంత్రం నడపడం మీరు నేర్చుకుంది ఆ వయసులోనే కదా."

"అది వేరు. అది పని," అంది ఆవిడ.

ఆ మాట నాకు వారం రోజులు చెవుల్లో మోగింది. ఆవిడ నన్ను చిన్నబుచ్చడానికి అనలేదు, నిజంగానే అలా నమ్ముతుంది. ఆడది ఒళ్లు వంచితే పని. పుస్తకం పట్టుకుంటే సరదా.

రాత్రి భోజనాల దగ్గర కర్ట్‌కి ఎలా చెప్పాలా అని నేను మాటలు పేర్చుకుంటుంటే, తల్లి అప్పటికే ఫోన్ చేసి చెప్పేసినట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే, "ఏం డాక్టరమ్మా, ముందు నా మోకాలు చూడు," అన్నాడు. కర్ట్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, జోసీ వాలీబాల్ ఆటలకి ఎంత దూరమైనా వెళ్తాడు. ఏ విషయాన్నైనా ముందు జోకు చేస్తాడు. జోకుకి నవ్వితే ఆ విషయం అక్కడితో అయిపోయినట్టే. పద్ధెనిమిదేళ్లలో నేను అలా ఎన్ని విషయాలకి నవ్వేశానో.

ఈసారి నవ్వలేదు. ఉత్తరం ఇచ్చాను.

"పదిహేడు వేలా! మంచి ఆంబోతొస్తుంది ఆ డబ్బుకి."

"ఆంబోతు నీ బీపీ చూడదుగా నాన్నా," అంది జోసీ.

"పదిహేడు కాదు. మనం ఉండేది నెబ్రాస్కాలో. మనకి ఎనిమిదే," అన్నాను.

కర్ట్ ఫోర్కు కింద పెట్టాడు. "మనం ఇక్కడి వాళ్లమని కాగితం పెడితే ట్రక్కుల ప్లేట్లు ఇక్కడివెందుకు కావని అడగరూ? మూడు ట్రక్కులు, పశువుల ట్రెయిలరు. పదకొండేళ్ల పన్ను. నీ చదువు నా మెడకి చుట్టుకుంటుంది జనెల్. అంత కోరికుంటే సౌత్ డకోటాలోనే చదువుకో. కాగితాల మీద అక్కడిదానివేగా. అక్కడ నీకు చవక."

అక్కడి యూనివర్సిటీ మాకు మూడు వందల ఎనభై మైళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అక్కడ ఫీజు తక్కువే, కానీ గది అద్దెకు తీసుకోవాలి, జోసీని వదలాలి, ఇల్లు వదలాలి. పైన్‌ఫోర్డ్ డెబ్బై మైళ్లు. వారానికి మూడు రోజులు పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి రాగలను. ఆ రాత్రి బల్ల తుడుస్తుంటే తమాషా అనిపించింది. నేను ఉండని రాష్ట్రం నన్ను తన మనిషంటోంది. నేను ఉండే రాష్ట్రం నువ్వెవరంటోంది. ఈ రెంటి మధ్య తేడా ఏడాదికి తొమ్మిది వేలు, నేను ఇంట్లో అడిగి తెచ్చుకోలేని తొమ్మిది వేలు.

ఇరవై ఏళ్లకి నేను చదువు మానేసినప్పుడు ఎవరూ నన్ను మానెయ్యమనలేదు. మామగారి తుంటి ఎముక విరిగింది, ఒక్క సీజన్ సాయం చెయ్యమన్నారు. అప్పటికి నాకూ కర్ట్‌కీ పెళ్లి కుదిరింది. సీజన్ అయ్యాక పెళ్లి, పెళ్లయ్యాక కరువు, కరువయ్యాక జోసీ. పశువులకి సూదులేశాను, కంచెలు కట్టాను, మంచు తుఫానులో పుట్టిన దూడల్ని స్నానాల తొట్టిలో పెట్టి బతికించాను. రాంచి లెక్కలు రాశాను. ఎవరైనా నన్ను పరిచయం చేస్తే కర్ట్ భార్య అనేవాళ్లు. "మీరేం చేస్తారు?" అని బయటివాళ్లు అడిగితే కర్ట్ చెప్పేవాడు, "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది" అని. అప్పుడు నా చెప్పుల కింద పేడ ఇంకా ఆరి ఉండదు.

నాది అంటూ ఒక్కటే ఉంది. పదేళ్లుగా మా ప్రాంతం అంబులెన్సులో పనిచేస్తున్నాను. జీతం లేదు, ఇక్కడ అంబులెన్సంటే అంతే, ఊళ్లో ఆడవాళ్లూ ఇద్దరు ముసలాళ్లూ కలిసి నడుపుతాం. నడుముకి పేజర్ ఉంటుంది. అది మోగితే చేతిలో ఏ పనున్నా వదిలేసి వెళ్లాలి. దగ్గరి ఆసుపత్రి అరవై ఒక్క మైళ్లు. మా ఊరి క్లినిక్‌లో డాక్టరు రిటైరై నాలుగేళ్లయింది, ఇంతవరకూ ఇంకొకరు రాలేదు. పోయిన శీతాకాలం ఒక రాంచిలో పనిచేసే ఇరవై రెండేళ్ల పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరుగుతోందని పిలిచారు. ఆ ఇంటివాళ్లు తిన్నది పడలేదన్నారు. ఆ పిల్ల కడుపు పట్టుకోవడం మానేసి భుజం పట్టుకుంది. భుజం ఎందుకు నొప్పి? నేను ఎప్పుడో చదివిన పుస్తకంలో ఉంది, గర్భసంచి బయట గర్భం నిలిచి లోపల రక్తం పోతుంటే నొప్పి భుజంలో తెలుస్తుందని. రోడ్డు మీద వెళ్తే బతకదని హెలికాప్టర్ పిలిపించాను. అనవసరంగా పిలిచిందని అప్పుడు అన్నవాళ్లున్నారు. రెండో రోజు ఆ పిల్లకి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఫోన్ చేసింది. "ఇంకో అరగంట ఆలస్యమైతే నా చేతిలో ఏమీ ఉండేది కాదు. మీరెక్కడ చదివారు?" అని అడిగింది. ఎక్కడా చదవలేదన్నాను. "అయ్యో," అంది ఆవిడ. ఆ అయ్యో నన్ను నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే లేచి కాలేజీకి అర్జీ పెట్టాను.

పైన్‌ఫోర్డ్‌లో కాలేజీ రికార్డుల గదిలో గ్లెండా అని ఒకావిడ ఉంది. కళ్లజోడు గొలుసుతో మెళ్లో వేలాడదీసుకుని, ఎవరొచ్చినా "చెప్పు తల్లీ" అంటుంది. నా సంగతంతా విని, "లైసెన్సు?" అంది. సౌత్ డకోటాది. "ఇంటి కాగితం?" మా అత్తగారి పేరు మీద. "కరెంటు బిల్లు?" హాఫ్‌మన్ ల్యాండ్ అండ్ క్యాటిల్ కంపెనీ పేరు మీద. "ఫోను?" మా ఆయన పేరు. "బ్యాంకు ఖాతా?" మా ఆయన, మా అత్తగారు. "జీతం రసీదు?"

"జీతం లేదండీ."

"మరి పని చేస్తానన్నావ్?"

"చేస్తాను. జీతం లేదు."

గ్లెండా కళ్లజోడు తీసింది. "ఇంకో మాట చెప్పనా తల్లీ. ఇది ఒక్క ఫీజు గొడవ కాదు. రేపు మెడికల్ కాలేజీ వాళ్లూ ఇదే చూస్తారు. సొంత రాష్ట్రం పిల్లలకి, అందులోనూ పల్లెటూళ్లకి తిరిగొచ్చే వాళ్లకి ముందు సీట్లిస్తారు. నీలాంటిదాని కోసమే అవి పెట్టారు. నువ్విక్కడి దానివని ఇప్పుడు తేలకపోతే అప్పుడూ తేలదు." కమిటీకి అప్పీలు పెట్టుకోమంది. ఏడాది పాటు ఇక్కడ బతికానని చూపించాలి. "ఏ కాగితమైనా సరే. నీ పేరు, తేదీ, చోటు. మూడూ ఒకే కాగితం మీద ఉండాలి. తిరగెయ్ ఇల్లంతా."

తిరగేశాను. మూడు రోజులు. అల్మైరాలు, పెట్టెలు, రాంచి ఫైళ్లు. ఆ ఫైళ్లలో ప్రతి అక్షరం నేను రాసిందే, నా పేరు మాత్రం ఒక్కచోటా లేదు. ఆవుల చెవుల నంబర్లున్నాయి. ఏ ఆవు ఏ తేదీన ఏ మేతభూమిలో ఉందో పదకొండేళ్లది చెప్పగలను. నా గురించి అలా చెప్పే కాగితం లేదు. నేల మీద కాగితాల మధ్య కూర్చుంటే ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీదో కాదు, నా మీదే. ఇన్నేళ్లు ఇంత శ్రద్ధగా అందరి గురించీ రాసి నన్ను రాసుకోవడం మర్చిపోయానే అని.

కర్ట్‌ని అడిగాను, "మా ఆవిడ ఈ ఇంట్లో నాతో పాటే పదకొండేళ్లుగా ఉంటోంది" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టమని. "నీతో పాటే నేనూ ఉంటున్నట్టేగా! ప్లేట్ల సంగతి?" అన్నాడు. లావోన్‌ని అడిగాను, ఇల్లు ఆవిడదే కాబట్టి. "నా కొడుక్కి ఇబ్బందొచ్చే కాగితం మీద నా చెయ్యి పడదు," అంది. కాఫీ కప్పు కడుక్కుంటూ, నా మొహం చూడకుండా అంది.

ఆ మధ్యాహ్నమే పేజర్ మోగింది. ఒక పెద్దాయన ట్రాక్టరు మీంచి పడ్డాడు. ఆయన్ని ఆసుపత్రిలో దించి వెనక్కొస్తుంటే స్టీరింగ్ దగ్గర మార్లిస్ ఉంది. మార్లిస్‌కి అరవై ఏడు. ముప్ఫై ఏళ్లు బడి పిల్లలకి వండి పెట్టింది, ఇప్పుడు మా అంబులెన్సుకి పెద్దదిక్కు. నా మొహం చూసి, "ఏమైంది పిల్లా, పడ్డది ఆయనా నువ్వా?" అంది. అంతా చెప్పాను. పేరు, తేదీ, చోటు అన్నాను.

మార్లిస్ చూపు రోడ్డు మీంచి నా ఒళ్లోకి మళ్లింది. తర్వాత బండిని రోడ్డు పక్కకి లాగి ఆపింది.

"నీ ఒళ్లో ఉన్నదేంటి?"

నా ఒళ్లో అప్పుడే రాస్తున్న రన్ షీటు ఉంది. పిలుపొచ్చిన ప్రతిసారీ రాసే కాగితం. ఎవరు వెళ్లారు, ఏ తేదీ, ఎన్నింటికి పేజర్ మోగింది, ఎక్కణ్ణుంచి బయల్దేరారు, ఎన్ని నిమిషాల్లో అంబులెన్సు దగ్గరికి చేరారు. "ఎక్కణ్ణుంచి" అన్నచోట నా చేత్తోనే రాసి ఉంది. ఇల్లు, హాఫ్‌మన్ రాంచి, నెబ్రాస్కా. కింద నా సంతకం.

"పదేళ్లవి ఫైరు స్టేషన్ బీరువాలో ఉన్నాయి," అంది మార్లిస్. "అదీగాక మన నియమం మర్చిపోయావా? ఈ జిల్లాలో కాపురం లేనివాళ్లని అంబులెన్సులోకి తీసుకోకూడదు. ప్రతి జనవరిలో కౌంటీ బోర్డు మన పేర్లు చదివి, వీళ్లంతా ఇక్కడి వాళ్లేనని ముద్ర వేస్తుంది. నీ పేరు పదిసార్లు చదివారు. నువ్వు ఇక్కడి దానివి కాదని ఏ మగాడంటాడో రమ్మను, చూద్దాం."

శనివారం పొద్దున ఫైరు స్టేషన్‌లో ఐదుగురు ఆడవాళ్లం కూర్చున్నాం. రోగుల పేర్లు బయటికి పోకూడదు, అది చట్టం. అందుకని ప్రతి కాగితానికీ నకలు తీసి, రోగి పేరూ రోగం వివరాలూ నల్ల మార్కరుతో కొట్టేశాం. కౌంటీ వకీలుని అడిగే చేశాం. మార్లిస్ డోనట్లు తెచ్చింది. కొట్టేస్తూ కొట్టేస్తూ ఒక్కో తేదీ దగ్గర ఎవరో ఒకరు ఆగిపోయేవాళ్లు. "ఇది ఆ కవలల కాన్పు రోజు కదూ? నువ్వు ఒకణ్ణి పట్టుకున్నావ్, నేను ఒకణ్ణి." "ఇది జోసీ పుట్టినరోజు. కేకు మీద కొవ్వొత్తులు వెలిగించి వచ్చేశావ్." "ఆరోజు మీ ఆయన ఏమన్నాడే?" "ఐస్‌క్రీం కరిగిపోతుందన్నాడు." పడీ పడీ నవ్వాం. నవ్వీ నవ్వీ మార్కరు పక్కకి జారి ఒక కాగితం మీద నా పేరు కూడా సగం కొట్టేశారు, ఇంకో నకలు తియ్యాల్సొచ్చింది. చివరికి మార్లిస్ లెక్క చెప్పింది. మూడు వందల పదిహేడు.

ఆ దొంతర రెండు చేతులా ఎత్తుకున్నాను. కొత్తగా పుట్టిన దూడంత బరువు లేదు గానీ నాకు అంతకన్నా బరువనిపించింది. మూడు వందల పదిహేడుసార్లూ నేను పొయ్యి ఆపి, లేదా సగం మెలకువలో, లేదా తడి జుట్టుతో పరిగెత్తాను. ఒక్కసారీ అది నా గురించి అనుకోలేదు. ఇప్పుడు చూస్తే పదేళ్ల నా బతుకు అక్కడ నా చేతిరాతలోనే ఉంది.

సోమవారం కౌంటీ ఆఫీసుకి వెళ్లి ఓర్లీ లైసెన్సు ఇచ్చేసి నెబ్రాస్కా లైసెన్సు తీసుకున్నాను. ఊళ్లో పోస్టాఫీసులో నా పేరు మీద పెట్టె తీసుకున్నాను. ఇంటికొచ్చి కర్ట్‌కి చెప్పాను.

"నేను వద్దన్నాక కూడానా?"

"నువ్వు వద్దంది నీ సంతకం. నా సంతకం నేను పెట్టుకున్నాను. నీ ట్రక్కుల గురించి అక్కడ ఒక్క మాట ఎత్తను. నా గురించి మాత్రం ఇక అబద్ధం రాయను."

"మొగుడూ పెళ్లాం చెరో రాష్ట్రమా? ఊరంతా నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు కూడా నవ్వు. నీకలవాటేగా."

ఆయన టోపీ తీసుకుని నీళ్ల తొట్లు చూసొస్తానని వెళ్లిపోయాడు.

జూన్ రెండో వారంలో కమిటీ. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, ఆమెకి అటు ఒక కుర్ర ప్రొఫెసరు, ఇటు తెల్ల మీసాల పెద్దాయన. మూల కుర్చీలో గ్లెండా రాసుకుంటోంది. నేను ఆ దొంతర బల్ల మీద పెట్టాను. కొత్త లైసెన్సు పెట్టాను. కౌంటీ బోర్డు ముద్ర వేసిన పది జాబితాలు పెట్టాను.

మీసాలాయన కాగితాలు తిరగేసి, "మీ భర్తగారి నివాసం సౌత్ డకోటా అని రికార్డులో ఉంది. మామూలుగా భర్త నివాసమే భార్య నివాసం కదమ్మా?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అలాంటి మాటలు మర్యాదగానే అంటారు.

అంబులెన్సులో అలవాటైన గొంతుతోనే చెప్పాను.

"ఆయన నివాసం గురించి ఆయన్నే అడగండి సార్. నన్ను మూడు వందల పదిహేడుసార్లు ఈ రాష్ట్రం పిలిచింది. ప్రతిసారీ ఏడు నిమిషాల్లో అంబులెన్సు దగ్గరికి వచ్చాను. సౌత్ డకోటాలో ఉండి ఏడు నిమిషాల్లో రాలేను."

కుర్ర ప్రొఫెసరు వేలితో ఒక్కో కాగితం మీద టైములు చూస్తున్నాడు. "ఆరు. ఏడు. ఏడు. ఇది తొమ్మిది?"

"ఆరోజు రెండడుగుల మంచు."

అధ్యక్షురాలు అడిగింది, "దీనికి మీకిచ్చేదెంత? ఆ రసీదులున్నా చాలు."

"ఏమీ ఇవ్వరండీ. మా రాంచిలోనూ ఏమీ ఇవ్వరు. డబ్బిచ్చిన పనికి ఎక్కడైనా కాగితముంటుంది. ఊరికే చేసిన పనిని ఎవరు రాసుకుంటారు? నేను చేసిన వాటిలో ఈ ఒక్క పనికే ఎవరో కాగితం పెట్టారు. అందుకని ఇదొక్కటే తెచ్చాను. మిగతావి కూడా రాసి ఉంటే ఈ గది పట్టేది కాదు."

గ్లెండా రాయడం ఆపేసింది. మీసాలాయన పై కాగితం చేతిలోకి తీసుకుని నల్లగా కొట్టేసిన గీతల మధ్య మిగిలిన నా సంతకాన్ని చాలాసేపు చూశాడు. ఆ కాగితాన్ని సర్ది దొంతర మీద జాగ్రత్తగా పెట్టాడు. "నాకింక ప్రశ్నల్లేవు," అన్నాడు.

బయట బెంచీ మీద పావుగంట కూర్చున్నాను. గ్లెండా తలుపు తీసి వచ్చింది. మొహం గంభీరంగా పెట్టుకుని రాబోయింది గానీ నిలవలేదు. "ముగ్గురూ ఒప్పుకున్నారు తల్లీ! ఇక్కడి దానివే నువ్వు!" అని రెండు చేతులూ పట్టుకుంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు. డెబ్బై మైళ్లూ కిటికీలు దించేసి, గొంతు చించుకుని, కెమిస్ట్రీలో గుర్తున్న మూలకాల పేర్లన్నీ అరుచుకుంటూ వచ్చాను. రోడ్డు పక్క ఆవులు తలెత్తి చూశాయి. మార్లిస్ నా ఫోన్ అందుకోగానే స్టేషన్ సైరన్ ఒకసారి మోగించింది. అలా మోగించకూడదు. మోగించింది.

గ్లెండా ఒక మాట చెప్పే పంపింది. ఈ ఏడాదికి ఇది చాలు. వచ్చే ఏడాది మాత్రం అందరిలాగే చూస్తారు. జీతం రసీదో, ఆదాయం కాగితమో నా పేరు మీద ఉండాలి. మిగతా ఎనిమిది వేలు ఎక్కణ్ణుంచి తెస్తావనీ అడిగింది. ఆ రెండిటికీ జవాబు ఒకటేనని దారిలో మంచి గాలికి తట్టింది.

జులై నెలంతా ఒక నోట్‌బుక్కులో రాశాను. ఏ రోజు ఎన్ని గంటలు, ఏ పని. ఆగస్టు ఒకటిన లావోన్ రాంచికి వచ్చింది. నెల మొదట్లో బిల్లులన్నిటికీ చెక్కులు రాసేది ఆవిడే. బల్ల దగ్గర ఆవిడ, కర్ట్‌ కూర్చున్నారు. నేను ఒక కాగితం మీద నెల మొత్తం తిరగరాసి తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను.

"ఏంటిది?" అన్నాడు కర్ట్.

"నా జీతం. పోయినేడాది కూలికి పెట్టుకున్న కోడీకి గంటకి పదహారిచ్చాం. నాకూ అంతే."

"సొంతింట్లో జీతమా జనెల్!"

"సొంతిల్లయితే ఎక్కడో ఒకచోట నా పేరుండేది. నేను వెతికాను."

"గంటకి పదహారంటే మాటలా? అమ్మా, నువ్వైనా చెప్పు."

లావోన్ కళ్లజోడు పెట్టుకుని కాగితం చదువుతోంది. గడ్డి కోత, కంచెలు, పశువుల మందులు, లెక్కలు. వేలు ఒక్కో వరస మీదా ఆగుతోంది. తర్వాత చెక్కుబుక్కు తెరిచి, అచ్చువేసిన తన పేరు మీద అదే వేలు పెట్టింది.

"ఇది దీని మీద ఎప్పుడు పడిందో తెలుసా నీకు?" అని కొడుకుని అడిగింది. "మీ నాన్న పోయిన నెలకి. ముప్ఫై ఐదేళ్లు పనిచేశాక, ఆయన చచ్చిపోతే నా పేరు పడింది. పడ్డాక బ్యాంకు కుర్రాడు నన్ను అడిగాడు, మీకు ఇంతకుముందు లెక్కలు చూసిన అనుభవం ఉందా అని."

కర్ట్ తల దించుకున్నాడు. "పదహారు ఎక్కువేమో అనీ..."

"కోడీకి ఇచ్చినప్పుడు ఎక్కువనిపించలేదుగా. ఆ పెన్ను ఇటియ్యి."

పెన్ను అందుకుని రాయబోయి ఆగింది. నా కాగితం మళ్లీ మొదట్నుంచి చివరిదాకా చూసింది. వెనక్కి తిప్పి చూసింది. కళ్లజోడు మీంచి నా వైపు చూసింది. పద్ధెనిమిదేళ్లలో ఆవిడ నన్ను అంత సూటిగా చూడడం అదే మొదటిసారి.

"వంట చేసిన గంటలు రాయలేదేం?" అంది.